గాలి తెచ్చిన పురుగు

మదుక్కరై,
1950, ఐప్పసి 25 (నవంబరు).

రామాయికి,

అళగిరిసామి రాస్తున్నాను, సూలూరు మీ పాపమ్మాళ్ అత్త కొడుకును. తొమ్మిదేళ్ళ తర్వాత నా చేతిరాత చూసి చదవకుండానే చింపేస్తావేమోనని భయంగా ఉంది. చివరిదాకా చదువు, తర్వాత నీ ఇష్టం. మీ మిల్లులో పనిచేసే పళనివేల్ పోయిన నెల ఊరికి వచ్చాడు. మామ పత్తి కలిపే మిక్సింగులోనూ నువ్వు నూలు చుట్టే రీలింగులోనూ ఉన్నారని చెప్పి, అడ్రసు ఇచ్చాడు.

నా పని వింటే నవ్వుతావు. సర్కారు పత్తి ఫారంలో పురుగులు లెక్కపెట్టే ఉద్యోగం. మదుక్కరై రాతిగుట్ట మీద ఒక పెట్రోమాక్స్ లైటు, దాని కింద నీళ్ళ తొట్టి, నీళ్ళ మీద కాస్త కిరసనాయిలు. పొద్దు గూకేటప్పుడు వెలిగించి వస్తాను. తెల్లారి వెళ్ళి తొట్టిలో పడిన దీపపు పురుగుల్ని రకం వారీగా ఏరి నోటుబుక్కులో రాస్తాను. పత్తికాయను తొలిచే పచ్చపురుగు ఉంది కదా, దానికి రెక్కలొస్తే ఈ దీపపు పురుగే అవుతుంది. అది ఎప్పుడు వస్తుందో, ఎక్కడినుంచి వస్తుందో మా ఆఫీసరు రత్నసభాపతి గారు కనిపెట్టాలనుకుంటున్నారు. మూడేళ్ళుగా ఆయన కింద చేస్తున్నాను.

పోయిన వారం పడమటి గాలి ఆగిపోయింది. రెండు రోజులు ఆకు కదల్లేదు. మూడోనాడు తూర్పు గాలి మొదలైంది. నాలుగోనాడు పొద్దున చూస్తే తొట్టిలో నీళ్ళు కనబడలేదు, అంతా పురుగే. గడిచిన రెండేళ్ళూ ఇలాగే జరిగింది.

అందుకే మామను ఒక మాట అడగాలి. ఆ ఏడు, నలభై ఒకటిలో, మన ఊళ్ళో గాలి ఏ రోజు తిరిగింది? మొదట గుడ్లు ఎక్కడ, ఏ రోజు కనిపించాయి? విత్తిన రోజూ వాన పడిన రోజూ మామ బొగ్గుతో గోడమీద రాసుకునేవాడు. ఆయనకు తప్పక గుర్తుండి ఉంటుంది.

అడిగే హక్కు నాకు లేదని తెలుసు. అయినా అడుగుతున్నాను.

అళగిరి

*

మదురై, మిల్లు లైను,
కార్తిగై 4.

అళగిరి బావకు,

నీ ఉత్తరం నాయనకు చూపించలేదు. ఇకమీదట కూడా నా పేరుకే రాయి. ఆయనకు దగ్గు ఎక్కువైంది. పాత సంగతులు ఎత్తితే ఆ పూట అన్నం ముట్టడు.

నీకు గుర్తుందో లేదో, నాకు మాత్రం అంతా గుర్తే. ఆ ఏడు ఆడి నెలలో (జూలై-ఆగస్టు) మా అమ్మ కోయంబత్తూరు ఆసుపత్రిలో చావుబతుకుల్లో ఉంది. పురుగు దాగకుండా, కోత అయిన పాత పత్తికట్టె ఆడిలోగా పీకేయాలని సర్కారు చట్టం. ఊరంతా పీకేసింది. నాయన అమ్మ మంచం దగ్గరే కూర్చుండిపోయాడు. అమ్మను సాగనంపి ఇంటికొచ్చి, కట్టె పీకేసరికి ఇరవై రోజులు ఆలస్యమైంది. మార్గళికి, డిసెంబరుకల్లా, ఊళ్ళో ఒక్క చేను మిగల్లేదు. నాయన పేరెత్తి, “నారాయణన్ కట్టె పీకలేదు, వాడి చేలో పుట్టిన పురుగే ఊరిని తినేసింది” అన్నారు. చావడిలో నిలబెట్టి అడిగినప్పుడు నాయన ఒక్క మాట కూడా బదులు చెప్పలేదు. తర్వాత మా చేలోకి కూలికి ఎవరూ రాలేదు. మాకు నిప్పు కూడా ఇవ్వలేదు. చివరికి ఆ మూడెకరాలూ బావీ కొన్నది ఎవరో నీకు వేరే చెప్పాలా? మీ నాయనే. మీ నాయనకు స్వయానా బావమరిది మా నాయన.

ఇక్కడ ఆయన పని ఏమిటో తెలుసా? బేళ్ళు విప్పి, పురుగు కొట్టి పసుపెక్కిన పత్తిని ఏరి పక్కన పడేయడం. తొమ్మిదేళ్ళుగా అదే. ఒక్కోసారి ఆ పత్తిని చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోతాడట. పక్కన పనిచేసే అయ్యప్పన్ అన్న చెప్పాడు.

ఊరివాళ్ళు అన్నదానికంటే నాకు బాధ కలిగించేది వేరే ఉంది. నాయన దాన్ని నమ్ముతాడు. తన వల్లనే ఊరు చెడిందని ఇప్పటికీ నమ్ముతున్నాడు. పోయిన ఏడు జ్వరంలో కూడా, “ఇరవై దినాలు, ఇరవై దినాలే కదప్పా” అని పలవరించాడు.

ఇప్పుడు నీకు గాలి లెక్క దేనికి కావాలి? అది చెప్పు ముందు.

అత్త ఎలా ఉంది? ఒక్క ముక్క కూడా రాయలేదు.

రామాయి

*

మదుక్కరై,
కార్తిగై 12.

రామాయీ,

దేనికి కావాలో చెబుతాను. మామ తప్పు చేయలేదు. అది చెప్పడానికే కావాలి.

నేను కూర్చునే గుట్ట చుట్టూ అయిదు మైళ్ళలో పత్తిచేను లేదు. రాయి, తుమ్మ, మేకలు, అంతే. ఆ గుట్ట మీద పెట్టిన దీపానికి ఒక్క రాత్రిలో వేల పురుగులు ఎలా వస్తాయి? పక్కచేలో పుట్టి వచ్చినవైతే రెక్కలు కొత్తగా, పొడి రాలకుండా ఉండాలి. నాకు దొరికినవాటి రెక్కలు అంచులు చిరిగి, పొడి రాలి, పాతగుడ్డలా ఉన్నాయి. ఆడవాటి కడుపు నిండా గుడ్లే. చాలా దూరం ఎగిరి వచ్చినవి అవి.

ఎక్కడినుంచి అంటే, ఉత్తరాన మైసూరు మిట్టల నుంచీ, ఇంకా పైన కందీ శనగా పండే మెట్టభూముల నుంచీ అని రత్నసభాపతి గారి అంచనా. అక్కడ పైరు ముదిరి ఎండేవేళకు వాటికి తిండి ఉండదు. సరిగ్గా అప్పుడే గాలి తిరుగుతుంది. రెక్కలొచ్చినవన్నీ పైకి లేచి ఆ గాలిలో పడతాయి. మన పడమట ఏముంది? ఇటు నీలగిరి, అటు ఆనమలై, రెండు గోడలు. గాలి గోడ ఎక్కలేదు. మధ్యలో పాలక్కాడు కనుమ ఒక్కటే సందు. ఎక్కడెక్కడి గాలీ ఆ సందుకోసం మన పొలాల మీదుగా పరుగెత్తాలి. దారిలో వాన తగిలి గాలి చల్లబడితే పురుగు కిందకి దిగుతుంది. కింద అప్పుడే మొగ్గ తొడిగిన పత్తి ఉంటుంది. మన ఊరు ఆ దారిలో ఉండటమే దాని తప్పు.

ఆనిలో, ఆడిలో, అంటే జూన్ నుంచి ఆగస్టు దాకా, గాలి మలబారు వైపునుంచి ఇటు వస్తుంది. అప్పుడు నా తొట్టి ఖాళీ. అక్కడ కొబ్బరీ, వరీ, వానా తప్ప ఈ పురుగుకు కావలసింది ఏమీ లేదు.

ఇంకొకటి. పోయిన ఏడు సూలూరు చుట్టుపక్కల ఒక్క కట్టె లేకుండా ఆడిలోనే అందరూ పీకేశారు. నేనే తిరిగి చూశాను. అయినా కార్తిగైలో పురుగు వచ్చింది.

ఇది మామకు చదివి వినిపించు. నెమ్మదిగా, రెండుసార్లు.

అమ్మ సంగతి తర్వాత రాస్తాను.

అళగిరి

*

మదురై,
మార్గళి 3.

బావా,

చదివాను. ఆదివారం పని లేదు. నాయన గడపలో కూర్చుని ఉన్నాడు. మధ్యలో ఆపమంటాడేమో అనుకున్నాను. ఆపలేదు. గుట్ట దగ్గర చేను లేదన్న చోట మళ్ళీ చదవమన్నాడు. మూడోసారి కూడా చదివించుకున్నాడు.

“ఆడ చేను లేదా? నిజంగానే లేదా?” అన్నాడు.

లేదన్నాను. వీధివైపు తిరిగాడు. తర్వాత, “అట్లయితే నాది గాదు” అన్నాడు. నాతో కాదు, తనలో తాను అనుకున్నట్టు. ఆ పూట రసం మళ్ళీ పోయించుకుని తిన్నాడు. నేను ఆయన్నే చూస్తూ ఉండిపోయాను.

నీ ప్రశ్నకు జవాబు కూడా చెప్పాడు. ఆ ఏడు గాలి ఐప్పసి ఇరవైన తిరిగింది. ఇరవైనాలుగున గుడ్లు చూశాడు. అయితే మొదట చూసింది తన చేలో కాదు, తూర్పున ఉన్న మీ చేలో. చావడిలోనే ఆ మాట చెప్పవచ్చు కదా అని నేను కోప్పడ్డాను. “పెండ్లాము పోయి అయిదు నెలలు గాలేదు. వాళ్ళు నా తప్పే అంటే, అయ్యుంటుందిలే అనుకున్నాను” అన్నాడు.

తొమ్మిదేళ్ళలో మొదటిసారి ఊరి పేరు ఎత్తాడు. తై నెల సంక్రాంతి పండగ సెలవుల్లో వచ్చి నీ గుట్ట చూస్తాడట. ఒంట్లో శక్తి లేదు, ఆశ మాత్రం ఉంది. నాకూ వచ్చింది, దాచడం ఎందుకు.

రెండు మాటలు రాయమన్నాడు. ఒకటి, అక్కకు చెప్పాలట. “ఊరికి తెలియకపోయినా పాపక్కకు తెలియాల” అన్నాడు. రెండోది నా మాట. ఆ చావడిలోనే, మీ నాయన నోటితోనే, నారాయణన్ తప్పు లేదని నలుగురికీ చెప్పించు. అది జరిగితే నేనే ఆయన్ని చేయి పట్టుకుని తీసుకొస్తాను.

అప్పుడు చావడిలో ఎవరో మా కట్టెలో పురుగు చూశామని సాక్ష్యం చెప్పారట. ఎవరన్నది నాయన నాకెప్పుడూ చెప్పలేదు. నీకు తెలుసా?

రామాయి

*

మదుక్కరై,
1951, తై 6 (జనవరి).

రామాయీ,

నెల రోజులుగా ఈ ఉత్తరం రాసి చింపుతున్నాను.

ఆ సాక్ష్యం చెప్పింది నేనే.

అప్పుడు నాకు పదిహేడేళ్ళు. మీరు ఆసుపత్రిలో ఉన్నప్పుడు మీ చేనుగుండా వస్తూ ఎండిన కాయ ఒకటి విప్పి చూశాను. రెండు పురుగులున్నాయి. ఊరికే, వింతగా, అగ్గిపెట్టెలో వేసుకున్నాను. మార్గళిలో గొడవ మొదలయ్యాక ఆ సంగతి నాయనతో అన్నాను. ఆయన నన్ను చావడికి తీసుకెళ్ళాడు. ఎన్ని చూశావని పెద్దవాళ్ళు అడిగారు. నాయన నా వైపు చూశాడు. “చేను నిండా” అన్నాను. మామ తలెత్తి నన్ను చూశాడు. ఇన్నేళ్ళూ నీకు కూడా నా పేరు చెప్పలేదంటే, ఆయన నన్ను కాపాడాడు.

ఇప్పుడు నేను నేర్చుకున్న చదువు ప్రకారం ఇంకా సిగ్గుచేటు ఏమిటంటే, ఆ రెండూ ఎర్రపురుగులు. పాత కట్టెలో దాగేది అదే, చట్టం దానికోసమే. ఊరి పంట తిన్నది పచ్చపురుగు. రెండూ వేరు. రంగు తేడా ఉందేమని చావడిలో ఒకరు అడిగారు. చిన్నప్పుడు ఎర్రగా ఉండి పెరిగితే పచ్చబడుతుందిలే అని నాయన అన్నాడు. అందరూ తలలూపారు. మీ బావి మీద ఆయనకు ఎప్పటినుంచో కన్ను ఉండేది.

నువ్వు అడిగినట్టే మొన్న ఆయనతో మాట్లాడాను. నోటుబుక్కు చూపించాను. “ఇప్పుడు గాలిని పిలిచి సాక్ష్యం చెప్పించేదారా?” అని లేచి వెళ్ళిపోయాడు. నాకూ అంతకన్నా ముందుకు పోయే ధైర్యం చాలలేదు.

ఇంకొకటి ఉంది. అమ్మ లేదు రామాయీ. పోయిన వైగాసికి, మే నెలకు, రెండేళ్ళు దాటాయి. ఆ చావడి నాటినుంచి ఆమె నాయనతో అవసరమైన మాట తప్ప ఆడలేదు. చివరి మూడు రోజులూ తమ్ముడికి చెప్పండి, తమ్ముడికి చెప్పండి అంది. నాయన కబురు పంపనివ్వలేదు, పళనివేల్‌ను కూడా చెప్పనివ్వలేదు. ఆయన మాట దాటి నేను పంపి ఉండవచ్చు. పంపలేదు. మీ అడ్రసు తెలియదని నాకు నేనే చెప్పుకున్నాను. పళనివేల్ ఇంటికి వెళ్ళి అడగడానికి నాలుగు అడుగులు చాలు.

ఇది మామకు చదువుతావో లేదో నీ ఇష్టం. సెలవు పెట్టి నేనే వస్తాను. ఆయన కాళ్ళ దగ్గర కూర్చుని నేనే చెబుతాను. రమ్మని ఒక్క ముక్క రాయి.

అళగిరి

*

మదురై,
మాసి 20 (మార్చి).

నాయన మాసి 12న పోయాడు. తై పండగ ముందునుంచీ ఆసుపత్రిలోనే ఉన్నాడు. నీ ఉత్తరం అందింది. ఇప్పుడేమీ రాయలేను. రావద్దు.

రామాయి

*

సూలూరు,
పంగుని 10.

రామాయీ,

రావద్దన్నావు, రాలేదు. పోదనూరు స్టేషను దాకా వెళ్ళి తిరిగి వచ్చాను.

పోయిన శుక్రవారం చావడిలో అందరూ ఉన్న వేళ నిలబడి చెప్పాను. చేను నిండా పురుగన్నది అబద్ధం, నేను చూసింది రెండే, అవి కూడా వేరే జాతి, ఊరిని తిన్నది గాలితో వచ్చిన పురుగు అని చెప్పాను. నోటుబుక్కు తెరిచి తేదీలు చదివాను. నారాయణన్ మామ పోయాడని కూడా చెప్పాను. ఎవరూ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. కుర్రవాళ్ళకు ఆ కథే తెలియదు, సగంమంది మిల్లుల్లో ఉన్నారు. ఒక ముసలాయన, “పాపం, మంచివాడే” అన్నాడు. అంతే.

పత్తి ఏరే తంగమ్మాళ్ మాత్రం గోడ పక్కన నిలబడి ఏడ్చింది. గుడ్లు మొదట తూర్పు చేలో చూశానని మామ ఆ రోజుల్లోనే ఆమెతో అన్నాడట. “మీ నాయన చేలో కూలి నాకు. నోరు మూసుకున్నానప్పా” అంది.

నాయన అక్కడే కూర్చుని ఉన్నాడు. నేను చెబుతున్నంతసేపూ తుండుగుడ్డ అంచు మడుస్తూ విప్పుతూ ఉన్నాడు. నాలుగోనాడు గొడ్లకు మేత వేస్తూ, నా వైపు చూడకుండా, “ఆ మూడెకరాలూ బావీ ఆ పిల్ల పేరున రాసిస్తాను. వచ్చి తీసుకోమను” అన్నాడు. ఆయన్ని క్షమించమని నేను రాయడం లేదు. ఆయన అన్నమాట అందజేస్తున్నాను.

వస్తే ఆ చేలో నీకు తోడుగా పని చేస్తాను. కూలివాడిగా అయినా సరే. అంతకంటే పెద్ద మాట అడిగే ముఖం నాకు లేదు. చిన్నప్పుడు మన గురించి పెద్దవాళ్ళు అనుకున్న మాట నీకూ తెలుసు.

మామ చివరి రోజులు ఎలా గడిచాయో చెప్పగలిగితే చెప్పు. నా ఉత్తరం విన్నాడా?

అళగిరి

*

మదురై,
చిత్తిరై 5 (ఏప్రిల్).

బావా,

వినలేదు. నీ తై ఉత్తరం వచ్చిన రోజు నేను ఆసుపత్రి వరండాలో నిలబడి చదివాను. లోపలికి వెళ్ళగానే, “అళగిరి ఏం రాసినాడు?” అని అడిగాడు. అంతా బాగున్నారట అన్నాను.

“అక్కకు తెలిసిందా?” అన్నాడు.

తెలిసింది అన్నాను. చాలా సంతోషపడింది, నా తమ్ముడు తప్పు చేయడని నాకు ముందే తెలుసు అందట అని చెప్పాను. నోటికి ఎలా వచ్చిందో తెలియదు. కళ్ళు మూసుకుని నవ్వాడు. మర్నాడు మళ్ళీ అదే అడిగాడు. అత్త నిన్ను చూడటానికి వస్తానంది అని ఇంకొంచెం కలిపాను. ఇలా రోజూ అడిగేవాడు, రోజూ కొంచెం కలిపేదాన్ని. అత్త ఏ చీర కట్టుకుని వస్తుందో కూడా చెప్పాను. చివరిగా తెలివితో మాట్లాడిన మాట కూడా అదే. “ఒంటరిగా రైలెక్కొద్దని చెప్పు. కన్ను సరిగా తెలీదు ఆమెకు. అళగిరిని తోడు తెచ్చుకోమను” అన్నాడు.

నీ మీద ఆయన మనసులో చెడు లేదు. పదిహేడేళ్ళ పిల్లవాడి మాట ఆయన ఎప్పుడో వదిలేశాడు. నేను వదల్లేదు. వదలగలనో లేదో తెలియదు. నువ్వు చావడిలో నిలబడ్డావని చదివినప్పుడు మంచి పని చేశావనిపించింది. వెంటనే, రెండు నెలల ముందు ఎందుకు చేయలేదు అనిపించింది. రెండోదే ఎక్కువసేపు నిలిచింది.

చేను నాకు వద్దు. మీ నాయనకు చెప్పు. కోపంతో అనడం లేదు. అందులో దిగితే ప్రతి సాలులోనూ నాయనే కనిపిస్తాడు, నేను పని చేయలేను. రాయాలని ఉంటే తంగమ్మాళ్ పేర రాయమను, ఆమెకు భూమి లేదు. రీలింగులో నా పని నాకు ఉంది. పక్క గదిలో అయ్యప్పన్ అన్నవాళ్ళు ఉన్నారు. పెద్దవాళ్ళు అనుకున్న మాట సంగతి ఇక ఎత్తవద్దు. నువ్వు వేరే పిల్లను చేసుకో. చేసుకున్నాక నాకు రాయనక్కరలేదు.

నీ లెక్కలు మాత్రం ఆపవద్దు. ఇంకో ఊళ్ళో ఇంకొకరిని చావడిలో నిలబెట్టేముందు ఎవరైనా నీ నోటుబుక్కు చూడాలి.

నాయన పోయిన పదహారోనాడు వైగై ఏటి ఒడ్డున కరుమాది, ఆయన కర్మ, చేయించాను. నాయనకు కొడుకు లేడు కాబట్టి అయ్యప్పన్ అన్న కూర్చున్నాడు. కర్మ చేయించే అయ్యరు నాయన పేరు అడిగి, పిండం పెట్టించబోతుంటే ఆపి, ఇంకో పేరు కూడా ఉంది, పాపమ్మాళ్ అన్నాను. ఆమె ఎవరని అడిగాడు. ఆయన అక్క అన్నాను. ఎప్పుడు పోయింది, అప్పుడే ఎందుకు చేయలేదు అని అడిగాడు.

మాకు ఈ తైలోనే తెలిసింది అన్నాను.

రామాయి